చప్పుడు చేరకముందే

1970 మార్చి మొదటి వారంలో మేయరు కచేరీ గోడకు ఒక కాగితం అంటించారు. శనివారం పొద్దుటి నుంచి రాకెట్ ఎగిరేదాకా ఏటి మొగ దాటి ఒక్క పడవ కూడా సముద్రంలోకి పోకూడదని దాని సారాంశం. సముద్రాల అవతల ఫ్రాన్సు ఏలుబడిలో ఉన్న కూరూ పాత ఊరి జనం అంతకుముందు గాలివానలకు ఆగారు, జ్వరాలకు ఆగారు, ఎదుటి దీవుల జైళ్లలోంచి ఖైదీలు తప్పించుకున్నారని గంట మోగితే ఆగారు. కాగితానికి ఆగడం మాత్రం ఇదే మొదలు. సముద్రానికి తాళం వేస్తారట అని రమ్ము కొట్టు ముందు ముసలాళ్లు రెండు రోజులు నవ్వుకున్నారు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, ఊళ్లో మంచినీళ్ల కుళాయి లేకపోయినా చుక్కల్లోకి దారి మాత్రం పడుతోంది.

గ్రాసియెన్ నవ్వలేదు. పడవా వలలూ గాలాలూ తప్ప వేరే బతుకు తెలియని మనిషి. గురువారం తెల్లవారగానే మొగ దాకా వెళ్లి, అలలు చూసి, వెనక్కి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"ఇసుక మేట మీద అల విరిగిపోతోందే సిడోనీ. గాలి తగ్గనీ."

"గాలి తగ్గేసరికి శనివారం వచ్చి కూర్చుంటది," అంది భార్య సిడోనీ, చీపురు ఆపకుండానే. "ఇంట్లో కర్రపెండలం రవ్వ తప్ప ఏముందని? వారం రోజులు ఉత్తి రవ్వ నమలమంటావా?"

"ఒక్క పూట చూద్దామే."

"చూడు చూడు. కాగితానికి భయపడే మగాణ్ణి ఇవాళే చూస్తున్నా."

ఆ మాటకు గ్రాసియెన్ నవ్వాడు. వాళ్లిద్దరి మధ్యా అంతకంటే పెద్ద మాటలు ఎన్నో దొర్లాయి, ఎన్నో ఆరిపోయాయి. లేచి గాలపు తాడు భుజాన వేసుకుని, "నిమ్మకాయలు కోసుంచు, పసుపు జెల్ల తెస్తా," అని వెళ్లాడు.

మధ్యాహ్నం పోటుతో పాటు పడవ తిరిగొచ్చింది. బోల్తా పడలేదు, ఒక్క చెక్క కూడా విరగలేదు. బుద్ధిగా వచ్చి రేవులో తన చోటనే ఆగింది. అందులో మనిషి లేడు. వెనక వేలాడుతున్న తాడుకు మూరెడు జెల్ల చిక్కి ఇంకా కొట్టుకుంటోంది. గ్రాసియెన్ తమ్ముడు క్లోతేర్ నీళ్లలోకి దిగి, తాడు కోసి దాన్ని వదిలేశాడు.

 సిడోనీకి ఏడుపు రాలేదు. ఉదయం తానన్న మాటే చెవిలో తిరిగి తిరిగి వినబడుతోంది.

మర్నాడు జెనాయిద్ అవ్వ వచ్చింది. పాత ఊళ్లో ఎవరు పోయినా స్నానం చేయించేదీ, తొమ్మిది సాయంత్రాలూ జపం చెప్పించేదీ ఆవిడే. కళ్లకు పొరలు కమ్మి పదేళ్లయింది, నాలుక పదును మాత్రం తగ్గలేదు. సగానికి కోసిన ఎండు బుర్రచిప్పలో, ఫిబ్రవరిలో పాదిరి దీవించిన కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, ఆటు మొదలయ్యాక ఏట్లో వదిలింది. మునిగినవాడు ఎక్కడుంటే చిప్ప అక్కడ ఆగుతుంది.

చిప్ప నీటివాలునే మొగ దాకా పోయింది. ఇసుక మేట కొసన ఆగింది. చుట్టూ బురదనీళ్లు పరుగెడుతుంటే, అది మాత్రం మేకు కొట్టినట్టు నిలబడింది. క్లోతేరూ మరో ముగ్గురూ అక్కడ గెడలు దించారు, కొక్కేలు లాగారు. బురద తప్ప ఏమీ తగల్లేదు. చీకటి పడేసరికి రేపు పొద్దున్నే మళ్లీ లాగుదామని ఒడ్డుకొచ్చారు.

రేపు అంటే శనివారం. తెల్లారేసరికి మొగకు అడ్డంగా పోలీసు పడవ నిలబడి ఉంది. అందులో ఉన్నవాడు ఫ్రాన్సు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర పోలీసు, ఎండకు ముక్కు తోలు ఊడిపోయి ఉంది. టోపీ తీసి మరీ మాట్లాడాడు.

"క్షమించాలమ్మా. సోమవారం కాకపోతే మంగళవారం, రాకెట్ వెళ్లిపోతుంది. ఆ తర్వాత మీతో పాటు నేనూ వచ్చి వెతుకుతాను."

"మంగళవారానికి పీతలు నీకేం మిగల్చవు నాయనా," అంది సిడోనీ.

అతని మొహం ముక్కు కంటే ఎర్రబడింది. పడవ మాత్రం జరగలేదు.

వెనక్కి వస్తుంటే క్లోతేర్ తల వంచుకుని నడిచాడు. వాడు రాకెట్ స్థావరంలో నీళ్ల లారీ నడుపుతాడు. ఊళ్లో వాడికి 'చుక్కల అల్లుడు' అని పేరు పెట్టారు. ఆ రోజు మాత్రం ఎవరూ అలా పిలవలేదు.

అవ్వ సిడోనీని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏడవకే. ఆ కొక్కేలకి లేస్తాడా వాడు? నా చిన్నప్పుడు, దీవుల్లో ఖైదు నడిచిన రోజుల్లో, జైలు అధికారి కొడుకొకడు ఇక్కడే మునిగాడు. వారం వెతికినా దొరకలేదు. ఆఖరికి ఒడ్డున ఫిరంగి పెట్టి పేల్చారు. మూడో దెబ్బకి లేచాడు."

"అయితే?"

"మునిగినోడు బురదలో నిద్దరోతుంటాడే. పెద్ద చప్పుడైతే ఉలిక్కిపడి లేస్తాడు. అప్పుడు వాడికి ఇల్లెటో తెలియదు, ఇంటిమనిషే పేరు పెట్టి పిలవాలి. ఒక్కసారే. ఇప్పుడు ఆ దొరలు పేల్చే దాని ముందు ఫిరంగి ఏపాటిది? నీ మొగుడు తప్పకుండా లేస్తాడు. కానీ గుర్తుంచుకో, చప్పుడు చెవిన పడ్డాకే పిలవాలి. ముందు పిలిచావో, వాడింకా నిద్దట్లోనే ఉంటాడు. అప్పుడు మెలకువగా ఉన్నది ఏదుంటే అది పలుకుద్ది."

"ఏది అవ్వా, మెలకువగా ఉండేది?"

"అడక్కే తల్లీ," అంది అవ్వ, జపమాల తడుముకుంటూ.

సోమవారం మబ్బు పట్టి రాకెట్ ఆగింది. సిడోనీ ఇంట్లో అద్దానికి గుడ్డ కప్పి, పోయినవాడి కోసం గ్లాసుతో నీళ్లు పెట్టి, ఒంటరిగా కూర్చుంది. చప్పుడు చెవిన పడ్డాకే, చప్పుడు చెవిన పడ్డాకే అని వందసార్లు అనుకుంది. ఆయన్ని మొగ దాటించింది తన నోరే. ఆయన్ని వెనక్కి తెచ్చేదీ తన నోరే కావాలి. ఇంకేమీ అక్కర్లేదనుకుంది.

మంగళవారం పొద్దున ఎండ ఫెళ్లున కాసింది. రాళ్ల కొన మీద తెల్ల బురుజు దగ్గర ఊరంతా చేరింది. రాకెట్ వాళ్ల కోసం కట్టిన కొత్త ఊరి దొరసానులు మడత కుర్చీలు తెచ్చుకున్నారు. ఎవరి రేడియోలోనో అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నారు. అవ్వ రాళ్ల మీద నడవలేక బురుజు మెట్ల మీదే ఉండిపోయింది. సిడోనీ ఒక్కతే కిందకు దిగి, ఆటుకు తేలిన బురదలో మోకాలి లోతు దాకా నడిచి, మేట కొసకు ఎదురుగా నిలబడింది. చుట్టూ అటూ ఇటూ వందల గజాల దాకా మనిషి లేడు.

ఒక సంగతి చెప్పుకోవాలి. స్థావరం అక్కడికి పదిహేను కిలోమీటర్లు, తీరం వెంబడే. అంతకుముందు రెండేళ్లుగా చిన్న రాకెట్లు ఎగిరాయి గానీ, పాత ఊరి వాళ్లు ఇళ్లలో ఉండి గిన్నెలు అదిరితే విన్నారు. చూస్తూ విన్నవాళ్లు లేరు. ఫిరంగి అంటే నిప్పూ చప్పుడూ కవల పిల్లల్లా కలిసి పుడతాయి. అంత దూరం నుంచి అయితే నిప్పు ముందు వచ్చి, చప్పుడు తీరిగ్గా వెనకాల వస్తుందని సిడోనీకి ఎవరు చెప్పాలి? చెప్పగలిగిన క్లోతేర్ ఆ పూట స్థావరంలో ఉన్నాడు.

మడ చెట్ల పైన ఒక తెల్లటి వెలుగు లేచింది. బురుజు దగ్గర జనం ఒక్కసారిగా "అదిగో! అదిగో!" అని అరిచారు. వెలుగు కింద సన్నటి పొగ గీత. అది పైకి పోతూనే ఉంది. అంత నిప్పు అంత ఎత్తుకు పోతుంటే దాని నుంచి ఒక్క సవ్వడి లేదు. ఆ నిశ్శబ్దం సిడోనీకి తట్టలేదు. ఐదు రోజులుగా చెవుల్లో సొంత గొంతే హోరెత్తుతున్న మనిషికి, ఈ జనం అరుపులే చప్పుడనిపించిందో ఏమో. ఆలస్యమైతే ఆయన మళ్లీ నిద్రలోకి జారిపోతాడన్న భయం ఒక్కటే మిగిలింది.

"గ్రాసియెన్!" అని గొంతు చించుకుని పిలిచింది.

"ఆఁ, వస్తున్నా," అని పలికింది.

నీళ్లలోంచి కాదు, వెనక నుంచి. రోజూ పెరట్లో వలలు ఆరేసుకుంటూ పలికే గొంతే, కాస్త విసుగు కలిసిన గొంతే, భుజం వెనక మూరెడు దూరంలో. సిడోనీ గిరుక్కున తిరిగింది. ఎండలో మెరుస్తున్న బురద. దాని మీద తన అడుగులు తప్ప వేరే గుర్తు లేదు.

రెండు చిన్న జపాలు చెప్పుకునేంత సేపు గడిచింది. అప్పుడు వచ్చింది చప్పుడు. ముందు కాళ్ల కింద బురద వణికింది. పీతలన్నీ ఒక్కసారిగా బొరియల్లోకి దూరాయి. ఆ తర్వాత ఆకాశం నిలువునా చిరుగుతున్నట్టు ఒక హోరు వచ్చి మీద పడింది. సిడోనీకి అప్పుడు తెలిసింది, తానేం చేసిందో. మళ్లీ పిలవాలని నోరు తెరిచింది. ఒక్కసారే పిలవాలన్న మాట గుర్తొచ్చి మూసేసింది.

హోరు తగ్గుతుండగా మేట కొసన నీళ్లు కదిలి, నల్లటి వీపు ఒకటి పైకి తేలింది.

కుర్ర పోలీసు మాట నిలబెట్టుకున్నాడు. అతనే పడవ తిప్పి శవాన్ని ఒడ్డుకు తెచ్చాడు. గ్రాసియెనే, సందేహం లేదు. సిడోనీ తన చేత్తో కుట్టిన చొక్కా, తన చేత్తో వేసిన మాసిక. ఆ ఎండల్లో ఉంచే వీలు లేక సాయంత్రానికే పూడ్చారు.

మట్టి వేసి వస్తుంటే అవ్వ చెయ్యి పట్టుకుని అడిగింది. "జనం గోలలో నాకేం వినబళ్లేదు. చప్పుడయ్యాకే పిలిచావు గదే?"

"అయ్యాకే అవ్వా."

మొగుణ్ణి నోటితో చంపి, పిలుపు కూడా తిన్నగా పిలవలేని ఆడదని ఊరు అనుకోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది. పైగా మనిషి లేచాడు, మట్టిలో కలిశాడు. ఇక దాంతో పనేముంది అనుకుంది.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ రెండు గ్లాసుల్లో కాఫీ పోసింది. పోశాక చూసుకుని, కళ్లనీళ్లు తిరిగి, "గ్రాసియెన్, కాఫీ," అంది గాలితో అన్నట్టు.

"ఆఁ, వస్తున్నా," అంది వంటింట్లోంచి గొంతు.

సిడోనీ చటుక్కున వంటింటి వైపు తిరిగింది. గ్లాసు కిందపడింది. కాసేపటికి గోడకు జారగిలబడి కూర్చుని, తనివితీరా ఏడ్చింది. అది భయంతో వచ్చిన ఏడుపు కాదు. దయ్యమైతే దయ్యమే, మొగుడి దయ్యమేగా. తొమ్మిది సాయంత్రాలు అయ్యేదాకా పోయినవాళ్లు ఇంట్లోనే ఉంటారని ఊరందరికీ తెలిసిందే. కాకపోతే మిగతావాళ్ల ఇళ్లలో ఉలుకూ పలుకూ లేకుండా ఉంటారు. తనకు మాత్రం పలుకుతున్నాడు. తన మీద ప్రేమ కాకపోతే ఇంకేమిటి?

"నా మీద కోపమా?" అని అడిగింది ఆ రోజే.

"లేదే."

"అక్కడ చలిగా ఉందా?"

"ఎక్కడ?" అంది గొంతు.

మూడు రోజులు సిడోనీ ఇల్లు కదల్లేదు. సాయంత్రం జపానికి వచ్చిన ఆడవాళ్లు, ఇదేంటి మొగుడు పోయినదానికి మొహం వెలుగుతోందని చెవులు కొరుక్కున్నారు. ఇంట్లో ఉన్నది ఒకే గది, వెనక వంటిల్లు. గొంతు ఎప్పుడూ వంటింట్లోంచే వచ్చేది. మంచానికి గ్రాసియెన్ పడుకునే వైపు మాత్రం, ఎవరో కూర్చున్నట్టు పరుపు గుంటపడి ఉండేది. ఎన్నిసార్లు సర్దినా మళ్లీ గుంటే. వంటింట్లో మనిషి మంచం మీదెలా కూర్చుంటాడని సిడోనీ ఆలోచించలేదు. ఆలోచిస్తే ఏం తేలుతుందోనని కూడా కావచ్చు.

నాలుగో రోజు నుంచి గొంతు తొందరపడసాగింది. 'గ్రా' అనేలోపే పలికేది. తర్వాత నోరు తెరవగానే పలికేది. ఒకనాడు పొద్దున, చక్కెర డబ్బా చేతిలో పట్టుకుని ఊరికే నిలబడితే, "రెండు చెంచాలు," అంది. గ్రాసియెన్ జన్మలో కాఫీలో చక్కెర వేసుకోలేదు. చచ్చాక తీపి రుచి మరిగాడేమో అనుకుని వేసింది. 

ఆరో రోజు మధ్యాహ్నం క్లోతేర్ వచ్చాడు. మంచం అంచున కూర్చోబోయి చటుక్కున లేచాడు.

"తడిగా ఉందేంటి వదినా?"

"కప్పు కారుతోందయ్యా," అంది సిడోనీ. వారం నుంచి చినుకు లేదు.

వాడు స్టూలు లాక్కున్నాడు. అన్న గురించి మాట్లాడలేక, చేతకాని మగవాళ్లందరిలాగే పని గురించి మాట్లాడాడు.

"మా దొరలకి నిద్రల్లేవు వదినా. ఆ రోజు పైకి పంపింది రెండింటిని. ఆకాశంలో ఏముందో కొలిచే యంత్రాలు, జర్మన్ వాళ్లవి. ఒకటి పోయిన దగ్గర్నుంచి వాగుతూనే ఉంది. రెండోది ఎగిరేటప్పటి అదురుకి దెబ్బతిని మూగబోయింది."

"పడిపోయిందా?"

"అబ్బే, పైనే ఉంది. మొదటిదానితో పాటే తిరుగుతోంది. నోరు లేదంతే. వాగేదాని కబుర్లు రాసుకోవడానికి ఒక్కణ్ణి పెట్టి, మిగతావాళ్లంతా చెవులకి గొట్టాలు తగిలించుకుని ఆ మూగదాన్నే పిలుస్తూ కూర్చున్నారు. ఒక ముసలి దొర అయితే ఏడ్చినంత పని చేస్తున్నాడు."

"పలికేదొకటి ఉందిగా. చాలదా వాళ్లకి?"

"నేనూ అదే అన్నా. పలకనంత మాత్రాన అది లేదనుకోకు, అన్నాడా దొర."

వంటింట్లో గిన్నె జరిగింది. క్లోతేర్ అటు చూశాడు. "ఎవరది?"

"పిల్లి," అంది సిడోనీ.

వాడు టోపీ పెట్టుకుని, గుమ్మంలో ఆగి, వంటింటి వైపు మరోసారి చూసి వెళ్లిపోయాడు. వదినకు పిల్లులంటే గిట్టదని వాడికి తెలుసు.

ఎనిమిదో సాయంత్రం గది నిండా ఆడవాళ్లున్నారు. అవ్వ ఒక్కొక్క పునీతుడి పేరూ చెబుతుంటే అందరూ "మా కొరకు వేడుకోండి" అని అందుకుంటున్నారు. అందులో ఒక గొంతు మిగతావాళ్ల కంటే ముందు అందుకుంటోంది. నాలుగోసారి, పునీతుడి పేరు అవ్వ పూర్తిగా అనకముందే అది అందుకుంది. అవ్వ ఆగింది. పొరలు కమ్మిన కళ్లు గదంతా తిప్పింది. జపం ముగించి, అందరినీ పంపేసి, సిడోనీ మణికట్టు పట్టుకుంది.

"ఇంట్లో ఎవరున్నారే?"

"గ్రాసియెనే అవ్వా," అంది సిడోనీ మెల్లగా. "మాట్లాడతాడు."

"మాట్లాడతాడా?" అవ్వ పట్టు బిగిసింది. "నేను ఇన్ని చావులు చూశాను, ఒక్కడూ మాట్లాడ్లేదు. నిజం చెప్పు. చప్పుడయ్యాకేగా పిలిచింది?"

నిజం చెప్పడానికి అదే ఆఖరి రేవు. సిడోనీ దిగలేదు. ఒకసారి ఆడిన అబద్ధానికి రెండోసారి సిగ్గు ఇంకా ఎక్కువ.

"అయ్యాకే అవ్వా. ఎన్నిసార్లు అడుగుతావు?"

అవ్వ మణికట్టు వదిలింది. "అయితే నీ మీద మమకారంతో పట్టుకున్నాడు. ఉంచుకోకే. ఉంచుకుంటే వాడికి దారి మూసుకుపోద్ది, నీకూ మంచిది కాదు. రేపు సందెవేళ జపం అయ్యాక మేమంతా బయట ఉంటాం. నువ్వొక్కదానివే లోపల నిలబడి, గ్లాసులో నీళ్లు పారబోసి, పేరు పెట్టి వెళ్లమని చెప్పు. పేరు ఎవడిదో వాడు వెళ్లక తప్పదు."

ఆ మాట సిడోనీకి ఊరటగానే అనిపించింది. ఎందుకంటే ఆమెకు ఇప్పుడు నిజంగానే భయం వేస్తోంది. ఆ పొద్దున ఏట్లో బట్టలు ఉతుకుతుంటే, పక్కింటావిడకు చెబుదామని మనసులో అనుకున్న మాటే ఇంటివైపు నుంచి సన్నగా వినబడింది. ప్రేమించే మొగుడైనా సరే, మనసులోకి తొంగిచూస్తే ఆడది ఎంతకాలం ఓర్చుకుంటుంది? పంపేద్దాం. ఆయన కూడా అలిసిపోయి ఉంటాడు. పడుకోనీ.

తొమ్మిదో సాయంత్రం జపం ముగిసింది. అందరూ బయటికి నడిచారు. తలుపు మూసుకుంది. కిటికీలోంచి పసుపు ఎండ గోడమీద పడుతోంది. సిడోనీ గ్లాసులో నీళ్లు గుమ్మం వారగా పారబోసి, వంటింటి వైపు తిరిగి నిలబడింది. మంచం ఆమె వెనకాల ఉంది.

"నే చెప్పేది విను," అంది.  "ఆ రోజు నిన్ను నేనే పంపాను. ముదనష్టపు జెల్ల చేప కోసం. నీకు భయం లేదని నాకు తెలుసు, నేను ఎప్పుడూ తెలిసే అనేదాన్ని. నీలాంటోడు నాకు మళ్లీ దొరకడు. తొమ్మిది రోజులు తోడున్నావు, అది చాలు. ఇంక నాకోసం ఆగకు."

వంటింట్లో చడీచప్పుడూ లేదు. అది ముందుగా పలకకపోవడం ఆ వారంలో అదే మొదటిసారి.

"గ్రాసియెన్," అంది సిడోనీ. "వెళ్లిపో."

వెనకాల మంచం కిర్రుమంది.

తడి అడుగు ఒకటి నేల మీద పడింది. తర్వాత ఇంకొకటి. నెమ్మదిగా, పొద్దంతా తెడ్డు వేసి వచ్చిన మనిషి నడకలా. వలల తారు వాసన గుప్పుమంది. సిడోనీ కదల్లేకపోయింది. తడి చెయ్యి ఒకటి ఆమె జబ్బ మీద ఆగింది. ఏదో చెప్పాలని గింజుకుంటున్నట్టు ఆ వేళ్లు బిగిశాయి, వదిలాయి, మళ్లీ బిగిశాయి. మాట రాలేదు. చెయ్యి జారిపోయింది. పెరటి తలుపు తెరుచుకుని, మూసుకుంది. తారు వాసన కూడా పోయింది.

సిడోనీ అప్పుడు తిరిగి చూసింది. పరుపు మీది గుంట నెమ్మదిగా పైకి లేచి సమానమవుతోంది.

"వెళ్లిపోయాడే సిడోనీ," అంది వంటింట్లోంచి గొంతు, గ్రాసియెన్ గొంతే. "పాపం, తొమ్మిది రోజులూ నీతో ఒక్క మాటైనా అనాలని చూశాడు. చచ్చినోళ్లకి నోరెక్కడిది?"

 ఆమె ఎవరికి కాఫీ పెట్టిందో, ఎవరిని తడి పరుపు మీద పలకరించకుండా వదిలేసిందో, ఇప్పుడు ఎవరిని పేరు పెట్టి ఇంట్లోంచి వెళ్లగొట్టిందో అంతా ఒక్కసారే అర్థమైంది. పెరటి తలుపు వైపు పరుగెత్తబోయింది. అటు వెళ్లాలంటే వంటింట్లోంచే పోవాలి.

బయట అవ్వ చేతికర్రతో వీధి తలుపు తట్టింది. "అయిందా సిడోనీ?"

లేదు అవ్వా, చప్పుడుకు ముందే పిలిచాను, లోపలికి రా, అని చెప్పడానికి సిడోనీ ఊపిరి పీల్చుకుంది. ఆమె పెదవులు విడివడే లోపే, అచ్చంగా ఆమె గొంతుతోనే, ఏడ్చి ఏడ్చి తేటపడిన గొంతుతో, వంటింట్లోంచి జవాబు వెళ్లింది.

"అయింది అవ్వా. మీరింక ఇళ్లకి వెళ్లండి."